ఊరి జనసంఖ్యయు ఊరి చేతిపనులును



మీ ఊరిలో ఎందరున్నారని ఎవరైన అడిగినయెడల మీరేమి చెప్పుదురు? పట్టణమున పుట్టి పెరిగినవారు లెక్కల పుస్తకము తెరచి చూచి చెప్పుదురేమో. పల్లెలో పుట్టినవారు అట్లు చెప్పరు. "మాది మూడు వందల గడప" అందురు. "ఎనుబది నాగళ్ల ఊరు" అని చెప్పువారును కలరు. గడప అనగా ఒక కుటుంబము. నాగలి అనగా ఒక జత యెడ్లు, వాటిని తోలు మనిషి, అతని వెనుక విత్తు వేయు ఇల్లాలు, ఆ దున్నిన నేలమీద బ్రదుకు ఇంకెందరో. తలలు లెక్కించుట సర్కారువారి పద్ధతి. పొయ్యిని, నాగలిని లెక్కించుట ఊరివారి పద్ధతి. ఈ రెండు లెక్కలను ఒకే ఊరిమీద పెట్టి చూచినయెడల ఏమి కనబడునో మీతో చెప్పవలెనని ఈ వ్యాసము మొదలుపెట్టితిని.

ఇందుకొరకు నేనెన్నుకొన్న ఊరు షామీర్‌పేట. సికింద్రాబాదునుండి కరీంనగరు పోవు బాటమీద ఉన్నది. హైదరాబాదువారిలో అనేకులకు ఆ ఊరి పెద్దచెరువు తెలియును. సెలవుదినమున సద్ది కట్టుకొని పోయి కట్టమీద కూర్చుండి వచ్చినవారే. చెరువు తెలిసినంతగా ఊరు తెలియదు. అయితే పల్లెల జీవనమును పరిశోధించు పండితులకు దేశదేశములలో ఈ ఊరి పేరు తెలియును. ఏలయనగా 1951–52లో ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు ఒక గ్రామసేవా కార్యక్రమము పెట్టి, వ్యవసాయము, వైద్యము, పశువైద్యము, విద్య మొదలగు శాఖలవారిని అక్కడికి పంపిరి. ఆ బృందములోని సామాజిక శాస్త్రజ్ఞుడు శ్యామాచరణ దూబే అను ఆచార్యుడు తాము చూచినదంతయు క్రోడీకరించి 'ఇండియన్ విలేజ్' అను గ్రంథము వ్రాయగా అది 1955లో వెలువడెను. స్వతంత్ర భారతదేశములో ఒక్క పల్లెను తీసికొని దాని బ్రదుకునంతటిని వివరించిన తొలి గ్రంథములలో అది యొకటి. మన తెలుగు పల్లె ఆ విధముగా లోకమునకు తెలిసినది. తెలుగువారిలో దానిని చదివినవారు కొద్దిమందియే. అది వేరు సంగతి.

1951 జనాభా లెక్కల ప్రకారము షామీర్‌పేట జనసంఖ్య 2,494. ఆ గ్రంథములో వారిని ఇట్లు విడదీసి చూపిరి. కులహిందువులు 1,434 మంది. ముస్లిములు 340 మంది. అంటరానివారని ఆ దినములలో వ్రాయబడిన మాల మాదిగలు 680 మంది. ఎరుకలవారు 21 మంది. పిచ్చుకుంట్లవారు 19 మంది. కూడి చూడుడి, సరిపోవును.

ఈ చిన్న పట్టికను ఒకసారి చదివి పుట త్రిప్పివేయవచ్చును. నేనును మొదట అట్లే చేసితిని. తరువాత తోచినది. నూటికి 27 మంది, అనగా నలుగురిలో ఒకరికంటె ఎక్కువ, ఊరిలో ఉండియు ఊరి బయటనే ఉన్నారు. వారి వాడ వేరు, వారి బావి వేరు. ఇక చివరనున్న ఆ 19 మందిని చూడుడి. పిచ్చుకుంట్లవారి వృత్తి ఏమనగా, ఇంటింటికి పోయి కాపుల గోత్రములను, వంశములను పాడి చెప్పుట. ఎవరి తాత ఎవరో, ఎవరు ఏ ఊరినుండి వచ్చి ఇక్కడ నిలిచిరో వారికి కంఠస్థము. ఊరివారి వంశవృక్షమును నోట మోసినవారికి లెక్కల పుస్తకములో దక్కినది ఒక్క అంకె.

ఆ సంవత్సరములు ఎట్టివో జ్ఞాపకము చేసికొనవలెను. 1948 సెప్టెంబరులో నిజాము ప్రభుత్వము పోయినది. 1949లో జాగీర్లు రద్దయినవి. 1950లో కౌలుదారుల చట్టము వచ్చినది. లెక్కలు ముగిసిన కొద్ది వారములకే, 1951 ఏప్రిలు 18వ తేదిన, నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వినోబా భావే ఎదుట భూమిలేని హరిజనులు నిలువబడి 80 ఎకరములు కావలెననగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరములు ఇచ్చెదనని లేచెను. భూదానోద్యమము అక్కడ పుట్టినది. తెలంగాణ పల్లెలో ప్రతివాడును ఆ దినములలో నేలనుగూర్చియే మాటలాడుచుండెను. అట్టి వేళలో లెక్కలు వ్రాయువారు ఇంటింటికి వచ్చిరి.

వారు ఏమి అడిగిరి? ఆ లెక్కలలో ముఖ్యమైన ప్రశ్న జీవనాధారమునుగూర్చినది. నీవు ఏ పనివలన బ్రదుకుచున్నావు? నిన్ను నీవే పోషించుకొనుచున్నావా, లేక కొంత సంపాదించియు ఇతరులపై ఆధారపడియున్నావా, లేక పూర్తిగా ఆధారపడినవాడవా? ఈ జవాబులనుబట్టి దేశములోని 36 కోట్ల ప్రజను ఎనిమిది తరగతులుగా పంచిరి. సొంత భూమి దున్నువారు, పరుల భూమి దున్నువారు, కూలికి సేద్యము చేయువారు, తాము దున్నక భూమిపై రాబడి తినువారు అని సేద్యపు తరగతులు నాలుగు. వస్తువులు తయారుచేయువారు, వ్యాపారులు, రవాణా పనివారు, ఇతర కొలువులవారు అని తక్కినవి నాలుగు. రెండవ జీవనాధారమేదైన ఉన్నదా అనియు అడిగిరి, కాదనరాదు. పెద్ద దేశమును లెక్కించుటకు ఇంతకంటె మంచి పద్ధతి ఆనాడు ఎవరికి తోచును?

కాని షామీర్‌పేట మాదిగవాడలోని ఒక మనిషిని ఈ ప్రశ్నల ముందు నిలువబెట్టుడి. తొలకరికి ముందు అతడు రైతు ఇంటికి కావలసిన తోలు త్రాళ్లు, చెర్నాకోల, చెప్పులు సిద్ధము చేయును. వాన పడగానే అదే రైతు పొలములో దున్నును. గొడ్డు చచ్చినయెడల దానిని ఈడ్చుకొనిపోవలసినది అతడే. ఆ తోలు ఊనినవాడును అతడే. జాతరకు, పెండ్లికి, చావుకు డప్పు కొట్టవలెను. అధికారి వచ్చినప్పుడు సామాను మోయవలెను. కోతలకు ఇంటిల్లిపాది పోవలెను. ఇతడు ఏ తరగతివాడు? వస్తువులు చేయువాడా? కూలివాడా? ఇతర కొలువులవాడా? లెక్కల గుమాస్తా ఏదో ఒక గడిలో గుర్తు పెట్టి పోవును. అతనిని నిందింపలేము. అతని కాగితములో ఉన్న గడులు అన్నియే.

మంగలి సంగతియు అట్టిదే. క్షౌరము చేయువాడని లోకము పిలుచును. సెగగడ్డ కోసి కట్టు కట్టినవాడు అతడే. అతని భార్య మంత్రసాని. ఊరిలో పుట్టిన బిడ్డలను మొదట చేత పట్టినది ఆమె. చాకలి బట్టలు ఉతుకుటతో సరిపోవునా? పెండ్లి ఊరేగింపులో దివిటీ పట్టినది అతడు. అతడు లేనిదే శుభమును లేదు, అశుభమును లేదు. ఇక గౌండ్లవాడు తాడిచెట్టు, ఈతచెట్టు ఎక్కి కల్లు గీయును. ఎక్కినది అతడు. ప్రాణము పణముగా పెట్టినది అతడు. కాని చెట్లమీద పాట పాడుకొన్న ఆబ్కారీ గుత్తేదారు ఒకడు, పన్ను తీసికొన్న సర్కారు ఒకటి పైన ఉండిరి. నిజాము ఖజానాకు ఆబ్కారీ రాబడి బహు ముఖ్యమైనది.

ఇప్పుడు ఒక నాగలిని తీసికొని చూతము. తుమ్మకొయ్య చెక్కి దుంపను, మేడిని, కాడిని అమర్చినవాడు వడ్ల పనివాడు. కర్రు చేసి, అరిగినప్పుడు కొలిమిలో పెట్టి సాగగొట్టినవాడు కమ్మరి. ఎడ్లను కాడికి కట్టు త్రాళ్లలో తోలుపని మాదిగది. బావికింద సేద్యమైనయెడల మోట కావలెను. మోట బొక్కెన ఒక గొడ్డు తోలంత పెద్దది; దానిని కుట్టి, చిరిగినప్పుడు మాసిక వేసినవాడును మాదిగయే. చెరువుకింద సేద్యమైనయెడల తూము తెరచి ఏ మడికి ఎంత నీరు పోవలెనో చూచినవాడు నీరడి. ఆబి పంటకును తాబి పంటకును అతడే నీటికి ధర్మకర్త. గడ్డపార, కొడవలి, గొర్రు, గుంటక, బండిచక్రము, ఇంటిలోని కుండ, రోకలి, చాట అన్నియు ఇట్లే. చాటలు, బుట్టలు అల్లినవారు ఆ 21 మంది ఎరుకలవారు. రైతు చేతిలో రూపాయి లేకయే సేద్యము సాగుచుండెను.

ఇది ఎట్లు సాగెను? కూలి ఏనాటిది ఆనాడు ఇయ్యలేదు. కళ్లము దగ్గర ఇచ్చిరి.

కళ్లమును మీలో పెద్దవారు చూచియుందురు. పంట నూర్చి, తూర్పారబట్టి, రాశి పోయుదురు. కొలువు మొదలుపెట్టునప్పుడు "ఒకటి" అనరు. "లాభము" అందురు, తరువాత "రెండు" అందురు. కుంచము మునిగి లేచుచుండగా చుట్టు ఎవరెవరు నిలువబడిరో చూడుడి. వడ్లవాడు, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి, మాదిగ, నీరడి, బేగరి. ఇంతింత మేర అని ప్రతివానికి వాడుక ఉన్నది. ఏడాదిలో కర్రు ఎన్నిసార్లు సాగగొట్టెనని కమ్మరిని ఎవరును అడుగరు. ఎన్ని నాగళ్లు అనియే అడుగుదురు. పంట బాగుగా పండినయెడల మేర నిండుగా వచ్చును. వాన లేని సంవత్సరము రైతుతోపాటు వీరందరికిని కరవే. షావుకారు కూడ ఆ పక్కనే నిలిచియుండును. అతడు వచ్చినది మేరకు కాదు, నాగుకు. నాగు అనగా తిండికొరకో విత్తులకొరకో అప్పిచ్చిన ధాన్యమును పంటనాడు వడ్డీతో కొలుచుకొనుట. వీరందరు పోయిన తరువాత పొలములో మిగిలిన వెన్నులను ఏరుకొనుటకు వాడలోని ముసలివారు, పిల్లలు వచ్చిరి. పరిగె అను ఆ మాట రూతు చరిత్ర చదివిన మీకు క్రొత్త కాదు. ఆ గ్రంథమును తెలుగు చేసినవారు ఆ మాటకొరకు దూరము పోలేదు. మన పొలములలోనే దొరికినది.

ఈ ఏర్పాటులో ఒక మేలు లేకపోలేదు. దూబేగారు దానిని బాగుగా పట్టుకొన్నారు. ఒక ఇంటికి కుదురుకొన్న మంగలి పని సరిగా చేయకపోయినను ఆ ఇంటివారు అతనిని తీసివేయలేరు. తీసివేయుట కష్టము కాదు. మారుగా మరియొకడు దొరకుటయే కష్టము. ఏలయనగా ప్రతి కులమునకును కొన్ని ఊళ్లు కలసిన కులపంచాయతి ఉన్నది. ఒకని ఇండ్లను మరియొకడు తీసికొనరాదని వారి కట్టు. ఆ భయముచేత ఎవరును ముందుకు రారు. కావున బీదవాడైన మంగలికి తన గడపలు ఆస్తివంటివి. అన్నదమ్ములు వేరుపడునప్పుడు వాటిని పంచుకొనుచుండిరి. ఈనాడు పట్టణమున ఒక్క నెల నోటీసుతో పని పోగొట్టుకొను గుమాస్తాకు ఇంతపాటి ధీమా లేదు.

ఇది నిన్న మొన్నటి ఏర్పాటు కాదు. కాకతీయులనాటికే తెలుగుదేశమున ఆయగాండ్రు పన్నిద్దరు అని వాడుక. కరణము, రెడ్డి, తలారి, పురోహితుడు, కమ్మరి, కంసాలి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, వెట్టివాడు, చర్మకారుడు. ఆయము అనగా పంటలో పాలు. ఉత్తరదేశమునను ఇట్టిదే ఉండెను. విలియం వైజర్ అను అమెరికా ప్రెస్బిటేరియన్ మిషనరీయు ఆయన భార్య షార్లెట్టును 1925లో సంయుక్త రాష్ట్రములలోని ఒక పల్లెకు పోయి, 161 కుటుంబములు, 754 మంది ఉన్న ఆ ఊరిలో ఎవరు ఎవరికి ఏ పని చేసి ఏమి పుచ్చుకొందురో ఇంటింటికి తిరిగి వ్రాసికొనిరి. జజ్మానీ పద్ధతి అను పేరుతో ఆయన 1936లో ప్రకటించిన పుస్తకమే ఈ విషయమున తరువాతివారందరికి మొదటి మెట్టు. ఊరి పేరు మార్చి కరీంపూర్ అని వ్రాసిరి. బోధించుటకు పోయినవారు మొదట లెక్క నేర్చుకొనవలసివచ్చినది.

1830లో చార్లెస్ మెట్కాఫ్ అను దొర మన పల్లెలను తమకు కావలసినదంతయు తమలోనే గల చిన్న గణరాజ్యములుగా వర్ణించెను. ఆ మాట మనవారికి తీపిగా తోచి, నూరేండ్లకు పైగా చెప్పుకొనిరి. 1948 నవంబరు 4వ తేదిన రాజ్యాంగసభలో డాక్టరు అంబేద్కరు ఆ పొగడ్తను తీవ్రముగా ఖండించెను. పల్లె ఎవరికి గణరాజ్యము అని అడుగుటకు ఆయనకున్న హక్కు ఎవరికున్నది? మెట్కాఫ్ చూచినది ఊరిని. అంబేద్కరు చూచినది వాడనుండి ఊరిని.

వాడనుండి చూచినయెడల కళ్లముకథ మారిపోవును. మంగలికి తన గడపలు ఆస్తి అంటిమి. మాల మాదిగలకు? వారును కుదురుకొన్న ఇండ్లవారే. వారికిని మేర ఉన్నది. కాని వారి పనిలో 'కాదు' అనుటకు వీలులేని పాలు ఒకటి ఉండెను. దానికి వెట్టి అని పేరు. తెలంగాణలో ఊరి బంట్రోతుపని చేయు మాలమాదిగలను బేగరి అందురు. ఆ పేరే కూలిలేని పని అను అర్థముగల బేగారు అను మాటనుండి వచ్చినది. మనిషి పేరే వెట్టి అయినప్పుడు అతడు దేనిని నిరాకరించును? అమీను వచ్చినను, తహశీలుదారు వచ్చినను, దొరగారి ఇంట శుభకార్యమైనను, మొదట కబురు పోవునది వాడకే. కట్టెలు కొట్టవలెను. సామాను తరువాతి ఊరిదాక మోయవలెను. చావుకబురు పొరుగూరికి రాత్రియైనను మోసికొనిపోవలెను. చాకలి, కుమ్మరి, మంగలి మొదలగువారును వెట్టి చేసిరి. కోమటికూడ అధికారులకు సరకులు ఊరక ఇచ్చుకొన్న దినములున్నవి. అయినను అందరికంటె బరువు మోసినది ఆ 680 మందివంటివారే. అప్పు తీసికొని తీర్చలేక, ఆ అప్పునకు బదులుగా ఏండ్లతరబడి రైతు ఇంట జీతముండినవారిని భగేలాలనిరి. తండ్రి అప్పు కొడుకు మెడకు చుట్టుకొనుచుండెను.

దీనికి విరుగుడు వెదకినవారు లేకపోలేదు. 1930లో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను జోగిపేటలో కూడిన మొదటి ఆంధ్రమహాసభనుండి వెట్టి మాట ఆ సభలలో వినబడుచునే వచ్చినది. భగేలా ఒప్పందములను అదుపుచేయుటకు నిజాము ప్రభుత్వము 1936లో ఒక శాసనము చేసెను. 1950 జనవరి 26వ తేదినుండి రాజ్యాంగపు 17వ అధికరణము అంటరానితనమును, 23వ అధికరణము బేగారును నిషేధించుచున్నవి. అప్పుపేరిట మనిషిని కట్టివేయుటను మాన్పుటకు 1976లో మరల ఒక చట్టము కావలసివచ్చినదనిన, ఒక్క ముక్కలో, ముందు చేసినవి చాలలేదన్నమాట. లెక్కల గుమాస్తా 1951లో వాడకు వచ్చునాటికి వెట్టి కాగితముమీద చచ్చియున్నది. అందుచేత ఎనిమిది తరగతులలో వెట్టికి గడి లేదు.

మరియొక గడినిగూర్చి చెప్పక విడువలేను. ఆధారపడినవారు అని ఆ లెక్కలలో ఒక మాట గలదు. సంపాదన లేక ఆధారపడినవారిలో పిల్లలు, ముసలివారు, రోగులు ఉందురు, న్యాయమే. కాని ఊరి స్త్రీలలో అనేకులు ఎక్కడ వ్రాయబడిరి? నాట్లు వేసినది వారు. మోకాలిలోతు బురదలో వంగి, పొద్దు గుంకువరకు వెనుకకు నడచుచు, నారు గుచ్చుట పురుషుడు చేయలేడు. అది అతని పని కాదనియు ఊరంతయు అనును. కలుపు తీసినది వారు. కోతలో సగము వారిది. తెల్లవారుజామున తిరగలి, పగలు పొలము, సాయంకాలము రోకలి. వడ్లు దంచిననే గాని బియ్యము లేదు గదా! కుమ్మరి సారెమీద కుండను లేపును. మన్ను తొక్కి, పిసికి, సిద్ధముచేసి ఇచ్చినది అతని ఇల్లాలు. సాలె నేసిన వస్త్రమునకు కండెలు చుట్టినది అతని భార్యయు పిల్లలును. భర్తను "నీ పనియేమి" అని అడిగిన గుమాస్తా, భార్యనుగూర్చి కూడ భర్తనే అడిగియుండును. అతడేమి చెప్పియుండునో మీరు ఊహింపగలరు. మన ఇండ్లలోనే అడిగి చూడుడి.

మేర ఏర్పాటు ఒక్కదినమున కూలలేదు. ఎవరును దానిని పడగొట్టనులేదు. మిల్లుబట్ట సాలెను ముందే పడద్రోసియుండెను. ఇత్తడి, అటుపై అల్యూమినియము, కుమ్మరి కుండను పెరటిలోనికి త్రోసివేసినవి. బియ్యపుమిల్లు వచ్చి రోకలిని దించినది; ఇది మాత్రము స్త్రీల నడుములకు మేలే. హైదరాబాదు దగ్గరనుండుటచేత షామీర్‌పేటవారికి పట్టణపు కూలి రుచి ముందే తెలిసినది. రూపాయి చేతిలో పడినవాడు కుంచము కొరకు సంవత్సరము ఎదురుచూచునా? అటుతరువాత నూనె ఇంజనులు, కరెంటు మోటారులు బావులమీదికి వచ్చెను. నాకు ఇక్కడ ఒక సంగతి విచిత్రముగా తోచును. మోట పోయినందుకు ఎడ్లు సుఖపడినవి, రైతు సుఖపడెను. అదేనాడు మాదిగ చేతిలోని అతి నైపుణ్యమైన పని, అంత పెద్ద తోలును నీరు కారకుండ కుట్టు పని, ఎవరికిని అక్కరలేనిదైనది. వెట్టిని రద్దుచేయుటకు అన్ని చట్టములు కావలసివచ్చినవి. నైపుణ్యమును రద్దుచేయుటకు ఒక్క మోటారు చాలినది. పట్టణపు దుకాణములో కర్మాగారపు చెప్పులు వచ్చి మిగిలినదానిని ముగించెను. పటేలు పట్వారీల పదవులును 1984లో పోయినవి.

మరి లెక్కలు? కులము లెక్కించుట 1931తో ఆగిపోయి, 1951నుండి షెడ్యూల్డు కులములను, తెగలను మాత్రము వేరుగా చూపుచు వచ్చిరి. 2011 లెక్కలలో పనివారికి ఎనిమిది తరగతులు లేవు. సేద్యగాండ్రు, వ్యవసాయ కూలీలు, ఇంటి పరిశ్రమవారు, ఇతరులు అని నాలుగే. 2024 చివరలో తెలంగాణ ప్రభుత్వము ఇంటింటికి తిరిగి కులముల సర్వే చేయించెను. దేశమంతటికిని 2027 మార్చి 1వ తేది ప్రాతిపదికగా జరుగు లెక్కలలో కులమును వ్రాయుదుమని 2025లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించినది. కులము వ్రాయుట మేలా కీడా అని వాదించుకొనువారు వాదించుకొందురు. ఎవరి చేతిపని ఎవరి భోజనమైనదో తెలియకుండ కులము పేరు ఒక్కటే వ్రాసినయెడల సగము కథయే వ్రాసినట్లగునని నా అభిప్రాయము.

షామీర్‌పేటను ఇప్పుడు చూచినవారు దూబేగారి పుస్తకములోని ఊరిని పోల్చుకొనలేరు. ఔటరు రింగు రోడ్డు దాని పక్కనుండి పోవుచున్నది. న్యాయశాస్త్రము బోధించు నల్సార్ విశ్వవిద్యాలయము అక్కడ ఉన్నది. మందులు, టీకాలు కనిపెట్టు జీనోమ్ వ్యాలీ కొంత దూరముననే మొదలగును. చెరువు ఉన్నది. నీరడికొరకు వెదకి ప్రయోజనము లేదు.

మేరలో కలసిపోయిన పనులలో ఒకటి మాత్రము ఆ చుట్టుపట్ల పల్లెలలో నిలిచియున్నది. డప్పు. పెండ్లికి, బోనాలకు, చావుకు నేటికిని డప్పు లేనిదే జరుగదు. వాడలోని యువకులు పది పండ్రెండుగురు జట్టుగా కూడి, ఒకే రంగు చొక్కాలు తొడిగి వచ్చి వాయించుచున్నారు. వారి తాతలను ఊరివారు వాకిట నిలిచి కేకవేసి పిలిచిరి, వారు వచ్చిరి. ఇప్పుడు డప్పు కావలెననిన వాడకు పోయి, తేది అడిగి, ముందుగా బయానా ఇచ్చి రావలెను.